అబద్ధాలకోరు కాదు, చూపు ఆనని పిల్లవాడు

మౌగ్లీ పేరు వినని పిల్లలు మన దేశంలో అరుదు. ఆ మౌగ్లీని సృష్టించిన రడ్యార్డ్ కిప్లింగ్ చిన్నతనంలో ఒకరోజు ఇంగ్లండులోని సౌత్‌సీ వీధుల్లో నడుచుకుంటూ బడికి వెళ్లాడు. వీపు మీద ఒక అట్ట, దాని మీద అబద్ధాలకోరు అన్న రాత. బడివాళ్లు ఇచ్చిన మార్కుల కాగితాన్ని పారేసి, అసలు ఇవ్వనేలేదని చెప్పినందుకు ఇంట్లో దెబ్బలు తిన్నాక వేసిన శిక్ష అది. మార్కులు ఎందుకు తగ్గాయన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే జవాబు దొరకడం కష్టమేమీ కాదు. పిల్లవాడికి కళ్లు సరిగా కనిపించడం లేదు.

బొంబాయి నుంచి సౌత్‌సీకి

కిప్లింగ్ 1865 డిసెంబరు 30న బొంబాయిలో పుట్టాడు. తండ్రి జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్ అక్కడి జె.జె. కళాశాలలో శిల్పకళ బోధించేవాడు. పిల్లవాడు పెరిగింది మాత్రం ఆయా, నౌకరుల చేతుల్లో. అతనికి ముందు వచ్చిన భాష హిందుస్తానీ. తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంగ్లిషులో మాట్లాడమని నౌకర్లు గుర్తుచేయాల్సి వచ్చేది.

ఇక్కడి ఎండలకు, జ్వరాలకు భయపడి, దేశీయుల యాస అంటుతుందని జంకి, పిల్లల్ని చిన్నప్పుడే ఇంగ్లండు పంపడం ఆనాటి తెల్లవారి ఆనవాయితీ. అలాగే 1871లో, ఆరేళ్లు నిండకముందే రడ్యార్డ్‌ను, మూడేళ్ల చెల్లెలు ట్రిక్స్‌ను సౌత్‌సీలో హాలోవే దంపతుల ఇంట్లో డబ్బు కట్టి ఉంచారు. తామిద్దరం తిరిగి ఇండియాకు వెళ్లిపోతున్నామని తల్లిదండ్రులు పిల్లలకు చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని ఆ ఇంట్లో రడ్యార్డ్ అయిదేళ్లకు పైగా గడిపాడు. అతనిపై కాస్త దయ చూపిన కెప్టెన్ హాలోవే 1874లో చనిపోయాడు. ఆ తర్వాత ఇంటి యజమానురాలి క్రమశిక్షణకు అడ్డు లేకపోయింది.

చదువే శిక్ష, చదువే ఆశ్రయం

చదవడం అతనికి దెబ్బల భయంతోనే నేర్పారు. కానీ అక్షరాల వెనక కథలున్నాయని ఒకరోజు తెలిసొచ్చింది. అప్పటి నుంచి చేతికందిన ప్రతి కాగితం చదివాడు. ఆ ఇంట్లో అతనికి మిగిలిన సంతోషం అదొక్కటే. అది గమనించిన పెద్దలు పుస్తకం లాక్కోవడాన్ని కూడా శిక్షల జాబితాలో చేర్చారు. దాంతో దొంగచాటుగా, మసక వెలుతురులో చదవడం మొదలైంది.

ఈలోగా చూపు మందగించింది. బడిలో పని దెబ్బతింది. మార్కులు తగ్గాయి. మార్కులు తగ్గినందుకు పుస్తకాలు ఇంకా దూరమయ్యాయి. దూరమైన కొద్దీ చీకట్లో చదవడం పెరిగింది. ఈ చక్రం ఎక్కడా ఆగలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కిప్లింగ్‌ది తీవ్రమైన హ్రస్వదృష్టి. ఈ లోపంలో వెలుతురు కంటిపొర మీద కాకుండా దాని ముందే కేంద్రీకృతమవుతుంది. అందుకే దూరంగా ఉన్నవి మసకబారతాయి, ముక్కు దగ్గర పెట్టుకున్న పుస్తకం మాత్రం కనిపిస్తుంది. అలాంటి పిల్లవాడు ఇంట్లో ఎప్పుడూ పుస్తకం పట్టుకునే ఉంటాడు, తరగతిలో నల్లబల్ల మీది అక్షరం గుర్తుపట్టలేడు. పెద్దలకు ఇది కావాలని చేసే మొండితనంలా కనిపిస్తుంది. పిల్లవాడికేమో లోకమంతా అందరికీ ఇలాగే మసకగా ఉంటుందన్న నమ్మకం. కాబట్టి ఫిర్యాదు చేయడు.

మసక వెలుతురులో చదివినందుకే కళ్లు పాడయ్యాయని అప్పట్లో నమ్మేవారు. వంశపారంపర్యం, గంటల తరబడి దగ్గరి పని, ఆరుబయట ఆడుకోకపోవడం సైటుకు ప్రధాన కారణాలని నేటి వైద్యం చెబుతోంది. మసక వెలుతురు కళ్లను అలసటకు గురిచేస్తుంది, అంతే. అంటే ఆ పిల్లవాడు చదివి చేసిన నేరమంటూ ఏదీ లేదు.

అట్ట తగిలించిన ఘటన తర్వాత రడ్యార్డ్ మానసికంగా కుంగిపోయాడు. లేని నీడలు ఉన్నట్టు భ్రమపడేవాడు. అప్పుడు గానీ వైద్యుడు వచ్చి కళ్లు పరీక్షించలేదు. పిల్లవాడు సగం గుడ్డివాడని తేలింది. 1877లో తల్లి ఆలిస్ ఇండియా నుంచి వచ్చింది. రాత్రి ముద్దు పెట్టబోయిన తల్లిని చూసి, కొడుతుందేమోనని పిల్లవాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమెకు ఇక వేరే సాక్ష్యం అవసరం లేకపోయింది.

ఈ రోజుల్ని కిప్లింగ్ 1888లో ఒక కథగా రాశాడు, చివరి రోజుల్లో ఆత్మకథలోనూ చెప్పాడు. రచయిత కాబట్టి కొంత పెంచి రాశాడన్న జీవితచరిత్రకారులూ ఉన్నారు. కళ్ల సంగతి మాత్రం కాదనలేనిది. జీవితాంతం ఆయన మందపాటి అద్దాలతోనే తిరిగాడు.

అద్దాలు వచ్చాక

1878లో డెవన్‌లోని యునైటెడ్ సర్వీసెస్ కాలేజీలో చేరాడు. సైనికాధికారుల కొడుకులు చదివే ఆ బడిలో కళ్లద్దాలున్నది అతనికే. గుర్రపుబగ్గీ దీపాలతో పోలుస్తూ తోటివాళ్లు గిగ్గర్ అని పేరు పెట్టారు. ఆ చూపుతో సైన్యంలో చేరే దారి మూసుకుపోయింది. కానీ ప్రధానోపాధ్యాయుడు కార్మెల్ ప్రైస్ ఈ కుర్రవాణ్ని వేరుగా చూశాడు. తన గ్రంథాలయం తెరిచి ఇచ్చాడు, బడి పత్రికకు సంపాదకుణ్ని చేశాడు. ఒక ఇంట్లో శిక్షగా లాక్కున్న పుస్తకాలను మరోచోట ఒక గురువు చేతిలో పెట్టాడు.

1882లో, పదహారేళ్ల వయసులో ఇండియాకు తిరిగి వచ్చి లాహోర్‌లోని సివిల్ అండ్ మిలిటరీ గెజిట్‌లో ఉపసంపాదకుడయ్యాడు. తర్వాత అలహాబాద్‌లో పయనీర్ పత్రికలో పనిచేశాడు. 1894లో జంగిల్ బుక్, 1901లో కిమ్ వచ్చాయి. 1907లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇంగ్లిషు రచయితకు అది దక్కడం అదే మొదటిసారి.

కొడుకు కళ్లద్దాలు

భారతీయ పాఠకులకు కిప్లింగ్‌తో ఉన్న పేచీ మరచిపోయేది కాదు. సామ్రాజ్యవాదాన్ని ఆయన బాహాటంగా సమర్థించాడు. జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిపించిన డయ్యర్ కోసం లండన్ పత్రిక సేకరించిన నిధికి విరాళం ఇచ్చాడు. తనకు అన్నం పెట్టి, కథలు చెప్పి పెంచిన మనుషుల స్వేచ్ఛను ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. చిన్ననాటి బాధ తెలిసినంత మాత్రాన ఆ లెక్క మాఫీ కాదు.

ఆ యుద్ధభక్తే ఆయన ఇంటిని తాకింది. ఏకైక కొడుకు జాన్‌కు కూడా తండ్రి చూపే వచ్చింది. 1914లో యుద్ధం మొదలయ్యాక సైన్యం వైద్యపరీక్షలో జాన్‌ను రెండుసార్లు తిరస్కరించింది. తనకు పరిచయమున్న లార్డ్ రాబర్ట్స్ పలుకుబడితో కిప్లింగ్ అతనికి ఐరిష్ గార్డ్స్‌లో అధికారి ఉద్యోగం ఇప్పించాడు. పద్దెనిమిదేళ్లు నిండిన ఆరు వారాలకు, 1915 సెప్టెంబరు 27న ఫ్రాన్సులోని లూస్ యుద్ధంలో జాన్ చనిపోయాడు. శవం దొరకలేదు. తండ్రి ఏళ్ల తరబడి వెతికించాడు. 1936 జనవరి 18న, కొడుకు సమాధి ఎక్కడుందో తెలియకుండానే కన్నుమూశాడు.

చూపు లోపం వల్ల కలిగిన శిక్ష ఎంత అన్యాయమో కిప్లింగ్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అయినా కొడుకు విషయంలో వైద్యులు చెప్పిన మాటను తానే పక్కకు నెట్టాడు.

నేటి మాట

మన దగ్గర ఈ పరిస్థితి పోలేదు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో చూపు లోపాలకు ప్రధాన కారణం అద్దాలతో సరయ్యే సైటేనని తేలింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి వెలుగును బడి పిల్లలతోనే మొదలుపెట్టింది.

చదవలేని ప్రతి పిల్లవాడి సమస్యా కళ్లది కాదు. డిస్లెక్సియా వంటివి అద్దాలతో తగ్గవు. దీర్ఘదృష్టి ఉన్న పిల్లవాడు నల్లబల్ల చక్కగా చదివి, పుస్తకం ముందు కూర్చోగానే తలనొప్పి అంటాడు. బద్ధక కన్నును చిన్నప్పుడే గుర్తించకపోతే తర్వాత సరిచేయడం కష్టం. కాబట్టి మార్కులు తగ్గిన పిల్లవాణ్ని తిట్టే ముందు ఒకసారి కంటి డాక్టరుకు చూపించడం మంచిది. సౌత్‌సీలో ఆ పని ఒక్క ఏడాది ముందు జరిగి ఉంటే, ఆ వీపు మీద అట్ట ఉండేది కాదు.