రబ్బరు దొర రిడ్లీ – సింగపూరు తోట

మన తెలుగువారిని మలయాకు తీసుకొని వచ్చినది ఎవరు అని అడిగితే మన ఇళ్ళలో పెద్దలు కంగాణీ పేరు చెప్పేవారు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల పల్లెలకు వెళ్ళి, నాలుగు మంచి మాటలు చెప్పి, చేతిలో అప్పు పెట్టి ఓడ ఎక్కించినవాడు కంగాణీయే కనుక ఆ మాట నిజమే. కాని కంగాణీని పంపినది తోట దొర. తోట దొరకు పని పుట్టించినది రబ్బరు చెట్టు. ఆ చెట్టును ఈ గడ్డ మీద నిలబెట్టినది హెన్రీ నికొలస్ రిడ్లీ అనే వృక్ష శాస్త్రవేత్త. చెరకు తోటలకు, కొబ్బరి తోటలకు వచ్చిన కుటుంబాలు అంతకు ముందే ఉన్నా, భారతదేశపు కూలీలు లక్షల సంఖ్యలో ఇక్కడ దిగినది రబ్బరు కాలంలోనే.

రిడ్లీ జీవితాన్ని రబ్బరు కథగా చెప్పుకోవడం వాడుక. మేము ఆయనను మరొక వైపు నుంచి కూడా చూపదలచాము. ఆయన ఇరవై మూడేళ్ళకు పైగా ప్రజలందరూ వచ్చి పోయే ఒక ఉద్యానవనాన్ని నడిపారు. ఒక ఉద్యానవనం మంచిదని దేనిని చూసి చెప్పాలి? పూలమడులను చూసా, నడక దారులను చూసా, లేక అక్కడ ఏయే ప్రాణులు, ఏయే మొక్కలు తమంతట తాము బ్రతుకుతున్నాయో చూసా? ఈ ప్రశ్నకు ఈనాడు లోకంలో కొలతలు వచ్చాయి. ఆ కొలతలకు కావలసిన సరంజామాలో కొంత ఆయన చేతి మీదుగా వచ్చినదే.

రిడ్లీ 1855 డిసెంబరు 10న ఇంగ్లండులోని నార్ఫోక్ జిల్లాలో, వెస్ట్ హార్లింగ్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి చర్చి మతగురువు. ఆక్స్‌ఫర్డులో చదువు ముగించి, 1880లో లండన్ బ్రిటిష్ మ్యూజియం వృక్ష శాఖలో ఉద్యోగంలో చేరారు. 1887లో బ్రెజిల్ తీరానికి దూరంగా ఉన్న ఫెర్నాండో ద నొరోన్యా దీవికి వెళ్ళి అక్కడి మొక్కలను, జంతువులను సేకరించి వచ్చారు. మరుసటి సంవత్సరమే, అనగా 1888లో, సింగపూరు ఉద్యానవనానికి, ఆ పరగణా అడవులకు డైరెక్టరుగా నియమింపబడ్డారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై రెండు.

ఆ తోట 1859లో మొదలయింది. దానిని స్థాపించినది ఒక వ్యవసాయ, ఉద్యాన సంఘం. సభ్యులు సాయంత్రాలు బగ్గీల మీద వచ్చి, బ్యాండు వాయిద్యం విని, పూల ప్రదర్శనలు చూసి వెళ్ళేవారు. డబ్బు చాలక సంఘం చేతులెత్తేయగా 1874లో ప్రభుత్వం దానిని తీసుకున్నది. అప్పటి నుంచి తోట మీద ఇద్దరు యజమానుల పెత్తనం ఉన్నట్లయింది. విహారానికి వచ్చేవారికి పచ్చిక, పూలు, బోనులో పులి కావాలి. ప్రభుత్వానికి పంటకు పనికివచ్చే మొక్కలు కావాలి. 1875లో పెట్టిన చిన్న జంతుశాల మొదటి కోరిక ఫలం. 1879లో మొదలుపెట్టిన ఆర్థిక మొక్కల తోట రెండవ కోరిక ఫలం.

ఈ రెండింటికీ చెందనిది ఒకటి ఆ తోట నడుమ ఉండిపోయింది. అది సుమారు ఆరు హెక్టార్ల పాత అడవి. ఎవరూ నాటినది కాదు. తోటకంటే, ఊరికంటే పాతది. అది ఎంత విలువైనదో తెలియాలంటే ఆనాటి సింగపూరు దీవి స్థితి తెలియాలి. చైనా రైతులు గాంబియర్, మిరియాల సాగు కోసం అడవులు నరికారు. గాంబియర్ ఆకులను ఉడికించడానికి మళ్ళీ కట్టెలే కావాలి. పదిహేను, ఇరవై ఏళ్ళలో నేల సారం పోయి, వదిలేసిన చోటల్లా లాలాంగ్ గడ్డి మొలిచేది. రిడ్లీకి ముందున్న అధికారి నథానియల్ కాంట్లీ 1883లో అడవుల గురించి నివేదిక వ్రాసేనాటికి దీవిలో నూటికి పది పాళ్ళు కూడా అడవి మిగలలేదు. బుకిట్ తీమా గుట్ట వంటి కొన్ని చోట్ల రిజర్వులు ఏర్పరచినది ఆ నివేదిక తరువాతే. వాటి కాపలా కొన్నేళ్ళు రిడ్లీ మీద పడింది. తరువాత ఆ బాధ్యతను ఆయన నుంచి తీసి మరొక శాఖకు ఇచ్చారు. అడవిని తెలిసినవాడి చేతి నుంచి భూమి శిస్తు వసూలు చేసేవారి చేతికి మార్చడం మాకు మంచి పనిగా తోచదు.

ఇక రబ్బరు. అమెజాన్ అడవి విత్తనాలు 1876లో లండన్ సమీపంలోని క్యూ తోటకు చేరాయి. అక్కడ మొలిచిన మొక్కలలో 22 మాత్రం 1877లో సింగపూరుకు వచ్చాయి. వాటిలో కొన్నిటిని పేరాక్‌లోని కువాలా కాంగ్సార్‌లో నాటారు. రిడ్లీ వచ్చేనాటికి ఈ చెట్లు పెరిగి విత్తనాలు రాల్చుతున్నాయి, కాని వాటితో ఏమి చేయాలో ఎవరికీ పట్టలేదు. అమెజాన్‌లో గొడ్డలితో మాను మీద గాట్లు పెట్టి పాలు పట్టేవారు. చెట్టు త్వరగా పాడయ్యేది.

రిడ్లీ ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి వేరు పద్ధతి కనిపెట్టారు. బెరడును లోపలి కట్టెకు తగలకుండా చేప ముల్లు ఆకారంలో సన్నగా గీయాలి. మరునాడు కొత్త గాటు పెట్టక, పాత గాటు అంచునే పలుచగా చెక్కాలి. అట్లా చేస్తే రెండవసారి, మూడవసారి పాలు ఎక్కువ కారుతాయి, గీసిన చోట బెరడు మళ్ళీ పెరుగుతుంది. ఎండ ఎక్కకముందే ఈ పని ముగించాలి. మన గోదావరి వైపు కల్లు గీసేవాడు గెలను రోజూ పలుచగా చెక్కే తీరు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. తెల్లవారుజామున దీపం పట్టుకొని చెట్ల వరుసలలోకి వెళ్ళిన మన తాతమ్మలకు ఆ వేళను నిర్ణయించినది ఈ పరీక్షలే.

పద్ధతి దొరికినా నాటేవారు దొరకలేదు. అప్పుడు తోట దొరల చూపంతా కాఫీ మీద ఉండేది. రిడ్లీ జేబుల నిండా రబ్బరు గింజలు పోసుకొని కనబడిన ప్రతివారికీ ఇచ్చి నాటుమని బ్రతిమాలేవారట. అందుచేత ఆయనకు పిచ్చి రిడ్లీ అని పేరు వచ్చింది. మొట్టమొదట ఆయన మాట విన్నది ఆంగ్లేయుడు కాదు. మలక్కాకు చెందిన చైనా వర్తకుడు తాన్ చే యాన్ 1896లో రబ్బరు నాటాడు. అంతలో కాఫీ ధర పడిపోయింది, లోకంలో మోటారు బండ్లు పెరిగి టైర్లకు రబ్బరు కావలసివచ్చింది. 1917 నాటికి సింగపూరు తోట పంచిన రబ్బరు విత్తనాలు 70 లక్షలు దాటాయి. 1920 ప్రాంతానికి ప్రపంచపు రబ్బరులో సగం వరకు మలయా నుంచే పోయేది.

ఆ సగం రబ్బరు ఎక్కడ పండింది? అడవి నరికిన చోట. జొహోర్ నుంచి కెడా వరకు పడమటి మలయా మైదానాలలో అడవి పడి, కాలి, దాని బూడిదలో ఒకే జాతి చెట్టు వరుసలు కట్టింది. అడవి నరికిన కొత్త తోటలలో మలేరియా చెలరేగి కూలీలు గుంపులుగా చనిపోయారు. బ్రతికినవారి పిల్లలము మనము. మా సాయంత్రపు తెలుగు తరగతిలో ఒక విద్యార్థిని, ఇతడిని పొగడాలా తిట్టాలా అని అడిగింది. మంచి ప్రశ్నే. తన తోటలో ఆరు హెక్టార్ల అడవిని ఉంచిన మనిషే వేల చదరపు మైళ్ళ అడవి పోవడానికి విత్తనం ఇచ్చాడు. ఒకదానికి ఒకటి చెల్లు అని మేము అనలేము. కాని మన ఇంటి బియ్యం ఆ విత్తనం నుంచే వచ్చినదని కూడా మరచిపోలేము.

ఇన్నిటి నడుమ ఆయన చేసిన మరొక పనికి రావలసిన పేరు రాలేదని మా అభిప్రాయం. సెలవు దొరికినప్పుడల్లా అడవికి వెళ్ళి కొమ్మ, పువ్వు, కాయ కోసి, కాగితాల మధ్య ఎండబెట్టి, ఎక్కడ ఏనాడు దొరికిందో వ్రాసి భద్రపరచేవారు. 1893లో ఒక తోట యజమానురాలు, ఆగ్నెస్ జోక్విమ్, తెచ్చి చూపిన కొత్త సంకర ఆర్కిడ్‌ను వర్ణించి దానికి ఆమె పేరే పెట్టారు. అదే 1981లో సింగపూరు జాతీయ పుష్పమైన వాండా మిస్ జోక్విమ్. 1900లో సింగపూరు దీవి మొక్కలన్నిటి పట్టికను ప్రకటించారు. బోనులలోని జంతువులంటే కూడా ఆయనకు ఇష్టమే, కాని ఖర్చు భరించలేక 1905లో జంతుశాలను మూసివేశారు. అడవి ముక్కకు మేత ఖర్చు లేదు. అది నిలిచింది.

1912లో ఆయన ఇంగ్లండు తిరిగి వెళ్ళి క్యూ తోట దగ్గర స్థిరపడ్డారు. 1922 నుంచి 1925 వరకు మలయా ద్వీపకల్పపు వృక్షజాలాన్ని ఐదు సంపుటాలుగా వెలువరించారు. 1930లో వచ్చిన మరొక పెద్ద గ్రంథంలో విత్తనాలు ఒక చోటి నుంచి మరొక చోటికి ఎట్లా చేరతాయో వివరించారు. గాలి, నీరు, చీమలు, పక్షులు, గబ్బిలాలు చేసే ఈ మోత పని లేకపోతే అడవి తనను తాను నాటుకోలేదు. పిట్టలు రాని తోటలో చెట్లు ఎంత బాగున్నా వాటికి వారసులు ఉండరన్నమాట. ఎనభై దాటిన తరువాత వివాహం చేసుకొని, నూరేళ్ళు నిండిన పిమ్మట 1956 అక్టోబరు 24న కన్నుమూశారు. మరి పది నెలలకు మలయా స్వతంత్రమయింది.

ఇప్పుడు కొలతల సంగతి. బ్రిటనులో 1996 నుంచి గ్రీన్ ఫ్లాగ్ అనే పురస్కారం ఉన్నది. పరీక్షకులు పార్కుకు వచ్చి శుభ్రత, భద్రత, నిర్వహణతో పాటు అక్కడి జీవజాతులకు ఏమి చేస్తున్నారో కూడా చూసి మార్కులు వేస్తారు. మా బడులకు తనిఖీ అధికారి వచ్చినట్లే. 2008లో సింగపూరు ప్రభుత్వం నగరాలకే ఇటువంటి కొలత ఉండాలని ప్రతిపాదించింది. ఐక్యరాజ్య సమితి జీవవైవిధ్య ఒడంబడిక సహాయంతో 23 అంశాల సూచిక తయారయింది. స్థానిక మొక్కలు ఎన్ని, పక్షులు ఎన్ని, సీతాకోకచిలుకలు ఎన్ని అన్నవి అందులో లెక్కకు వస్తాయి.

అయితే లెక్క పెరిగిందా తరిగిందా అని చెప్పాలంటే పాత లెక్క ఉండాలి కదా. దీవిలో నమోదైన స్థానిక మొక్కల జాతులలో నాలుగో వంతు మాయమైనట్లు 1994లో శాస్త్రజ్ఞులు చెప్పగలిగారంటే, రిడ్లీ వంటివారు ఎండబెట్టి దాచిన కొమ్మలు, వ్రాసిన పట్టికలు ఉండబట్టే. ఆ తరువాత వెదికితే వాటిలో కొన్ని మళ్ళీ దొరికాయి కూడా. వెదకడానికి పేరు ఉంటేనే వెదుకుతారు.

2015లో యునెస్కో సింగపూరు ఉద్యానవనాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి చెరువులలో నీటికుక్కలు ఈదుతాయి, గట్టున ఉడుములు పడుకుంటాయి. దీవి నుంచి నూరేళ్ళకు పైగా కనుమరుగైన హార్న్‌బిల్ పక్షులు మళ్ళీ వచ్చి ఆ చెట్ల మీద వాలుతున్నాయి. ఆరు హెక్టార్ల అడవిలో 300కు పైగా జాతుల మొక్కలు ఉన్నాయి.

బడి సెలవులలో సింగపూరు వెళ్ళే కుటుంబాలు పిల్లలను ఆర్కిడ్ల దగ్గర ఫోటోలు తీసి తిరిగి తీసుకొని వస్తున్నారు. ఆర్కిడ్ తోటకు టిక్కెట్టు ఉన్నది, తక్కిన ఉద్యానవనమంతా ఉచితమే, తెల్లవారుజామున ఐదు గంటలకే తెరుస్తారు. అడవి ముక్కలోని బాటకు కూడా పిల్లలను తీసుకొని వెళ్ళండి. అంత దూరం పోలేనివారు కువాలా కాంగ్సార్‌కు వెళ్ళవచ్చు. 1877లో వచ్చిన మొక్కలలో ఒకటి అక్కడ ముసలి చెట్టయి, చుట్టూ కంచెతో, ఇప్పటికీ నిలిచి ఉన్నది.