మన కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరిగారు

శతవార్షికోత్సవ సంచికకు ఏదైన ఒక వ్యాసము వ్రాసి ఇమ్మని కమిటీవారు అడిగినప్పుడు, మాకు ప్రియమైన పాటలను గూర్చి వ్రాయుదమని కూర్చుంటిమి. చిన్ననాటి నుండి మనసులో నిలిచిన పండ్రెండు కీర్తనలను ఒక కాగితము మీద వ్రాసికొని, పుస్తకము తెరచి ఒక్కొక్క దానిని సరిచూడగా, ఆ పండ్రెండింటిలో ఏడు ఒకే మనిషివని తేలెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటతోపాటు సన్నని అక్షరములతో రాగము, తాళము, రచయిత పేరు అచ్చువేసి యుండును. పాడువారిలో ఆ సన్నని అక్షరములను చదువువారు ఎందరు? మేము కూడ వేదాంత కళాశాలలో చేరువరకు చదివినవారము కాము. కావున పాటల జాబితాను పక్కన పెట్టి, వాటిని మనకిచ్చిన పురుషోత్తమ చౌదరిగారిని గూర్చి వ్రాయుచున్నాము.

చౌదరిగారు 1803వ సంవత్సరము సెప్టెంబరు 5న పర్లాకిమిడి ప్రాంతములో జన్మించిరి. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. చౌదరి అనగానే మన వైపు వారికి కోస్తా జిల్లాల రైతు కుటుంబములు తలంపునకు వచ్చును గాని, వీరు వారు కారు. వీరిది వంగదేశము నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము. అనగా తెలుగు క్రైస్తవులకు పాట నేర్పిన మొదటి పెద్దకవికి తెలుగు పూర్వీకుల భాష కాదు, పెరిగిన నేల యిచ్చిన భాష. ఒరియా, తెలుగు కలిసి వినిపించు సరిహద్దు సీమ అది. సంప్రదాయ భక్తిలో పెరిగి, సంస్కృతాంధ్రములు నేర్చి, పద్యమును పదమును కట్టగల చేయి సంపాదించిన తరువాతనే ఆయన చేతికి ఒక చిన్న క్రైస్తవ కరపత్రము వచ్చెను.

ఆ కరపత్రము ఆయనను నిలువనీయలేదు. 1833వ సంవత్సరము అక్టోబరు 6న, తన ముప్పదియవ యేట, కటకములో జనరల్ బాప్టిస్టు మిషనరీల యొద్ద బాప్తిస్మము పొందిరి. రైలు లేని దినములలో పర్లాకిమిడి సీమ నుండి కటకమునకు పోవుట సామాన్యమైన ప్రయాణము కాదు. అయితే తిరిగి వచ్చుట అంతకంటె కష్టము. మతము మార్చుకొన్నవాడు ఆ కాలములో పంక్తిభోజనమును మాత్రమే గాక ఆస్తిహక్కును కూడ పోగొట్టుకొనువాడు. ఆ హక్కును కాపాడు చట్టము 1850లో గాని రాలేదు. చౌదరిగారు బాప్తిస్మము పొందినది దానికి పదునేడు సంవత్సరములు ముందు. ఆయన విడిచి వచ్చిన దానిని లెక్కించునప్పుడు ఈ సంగతిని మరువరాదు.

అన్నిటిని విడిచినను ఒక దానిని మాత్రము ఆయన వెంట తెచ్చుకొనిరి. అది పాట. అప్పటికి మిషను స్థలములలో తెలుగువారు పాడునవి ఎక్కువగా ఇంగ్లీషు పాటలకు తెలుగు మాటలు తొడిగినవే. పరాయివాని కొలతకు కుట్టిన అంగీవలె, మాట ఒకచోట సాగును, మరియొకచోట ఇరుకగును. దీర్ఘము ఉండవలసిన చోట హ్రస్వము, ఊపిరి తీయరాని చోట ఊపిరి! చౌదరిగారు ఆ దారిన పోలేదు. పల్లవి, చరణములు, అంత్యప్రాస, రాగము, తాళము, ఇవన్నియు తాను ఎరిగిన రీతిగానే ఉంచి, వాటిలో క్రీస్తు జననమును, సిలువను, పునరుత్థానమును, పాపి మొరను పెట్టిరి. ఆయన కీర్తనలు సుమారు 130 అని చెప్పుదురు. తంజావూరు సీమలో త్యాగరాజస్వామి 1847లో గతించునప్పటికి చౌదరిగారి వయస్సు నలుబది మూడు. అనగా దక్షిణదేశమంతట తెలుగు కీర్తన మంచి పాకమున ఉన్న కాలములోనే మన కీర్తన కూడ పుట్టినది. సంపూర్ణమైన తెలుగు బైబిలు ఇంకను వెలువడక మునుపే ఆయన పాడుట మొదలుపెట్టిరి. కనుక మొదటి తరముల విశ్వాసులు అనేకులు సిలువ కథను గ్రంథములో చదువుటకు ముందు పాటలో వినిరి.

ఆయన శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపు తీరదేశమున దీర్ఘకాలము సువార్త ప్రకటించి, బోధకుడుగా, గ్రంథకర్తగా పేరొందిరి. నిస్తార రత్నాకరము, యేసునాయక శతకము మొదలగునవి వ్రాసిరి. వీటిని నేడు పరిశోధకులు తప్ప ఇతరులు చదువుట అరుదు. మతవాదము కొరకు వ్రాసినవి ఆ కాలముతో ముగిసినవి, పాటలు మిగిలినవి. మా అభిప్రాయములో పాటలలోను కొన్ని సమాసముల బరువుతో కుంటును. ప్రభువును పొగడునప్పుడు ఆయనలోని పండితుడు లేచి నిలుచును, తన తప్పును ఒప్పుకొని ఏడ్చునప్పుడు పండితుడు కూర్చుండిపోవును. మేము ఏరుకొన్న ఏడును ఆ రెండవ రకమువే.

ఆ తీరమునుండి మన ఎండిన సీమకు ఆ పాటలు ఎట్లు వచ్చెను? లండను మిషనరీ సొసైటీవారు 1805 నుండి విశాఖపట్టణములోను, 1822 నుండి కడపలోను పని చేయుచుండిరి. తరువాత ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల వైపు ఎస్.పి.జి. వారును, కర్నూలులో అమెరికను బాప్టిస్టులును వచ్చిరి. వారిలో వారికి బాప్తిస్మమును గూర్చి, బిషప్పులను గూర్చి భేదములుండెను గాని పాటల పుస్తకమును గూర్చి భేదము లేదు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. దానికి ఎంతో ముందే, ఒక మిషను పిల్ల మరియొక మిషను ఊరికి కోడలై పోయినను పాటకు కొత్తది కాలేదు.

1876 నుండి 1878 వరకు ఉండిన ధాత కరువు కథ మన ఇండ్లలో ఇప్పటికిని చెప్పుకొందురు. ఆ దశాబ్దములలో సంఘమునకు చేరిన మన ముత్తాతలు అక్షరము ఎరుగరు. గుడి మెట్టు ఎక్కనియ్యనివారు, సంస్కృతపు మాట చెవిని పడరాదని దూరముగా నిలువబెట్టబడినవారు. అట్టివారు జొన్నచేనిలో కలుపు తీయుచు, కుందూ ఒడ్డున గొడ్లు కాయుచు, ముఖారి, ఆనందభైరవి, శంకరాభరణములలో పాడిరి. ఆ రాగముల పేర్లు వారికి తెలియవు. బ్రాహ్మణ ఇంట పుట్టి ఆ ఇంటిని విడిచిన ఒకడు కట్టిన సంస్కృతపు మొర మన అవ్వల నోట, వాడ గుడిసెలలో, డప్పు దెబ్బకు నిలిచినది. చౌదరిగారు 1890 ఆగస్టు 24న గతించిరి. ఎనుబదియేడు సంవత్సరములు నిండుటకు కొన్ని దినములే తక్కువ.

ఇక్కడ మన కడప జిల్లాకే చెందిన మరియొకరిని తలంచవలసియున్నది. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించినవారు. ఆయన పాటలను రేకులమీద చెక్కి తిరుమలలో దాచిరి. వందల ఏండ్లు అవి వెలుగు చూడక, ఇరువదవ శతాబ్దములో గాని అచ్చుకు రాలేదు. రేకుల మీద ప్రతి పాటకు రాగము పేరు ఉన్నది. అయితే వరుస లేదు. పాడువారి గొంతులతోనే అది పోయినది. మన రాయలసీమవారైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) వంటి విద్వాంసులు వాటికి మరల బాణీలు కట్టవలసి వచ్చెను. ఆ సంగతి చదివిన రాత్రి మాకు మన కీర్తనల పుస్తకములోని సన్నని అక్షరములు గుర్తుకు వచ్చినవి. మన పాటలకును తలమీద రాగము పేరు ఉన్నది, వరుస లేదు. మనకు తెలిసిన వరుసలు ఎన్ని? మా సంఘములో యౌవనస్థులతో కూర్చుండి పుస్తకము మొదటినుండి తిరుగవేసి చూచితిమి. చౌదరిగారివి వారు పాడగలిగినవి పదునాలుగు. వాటిలో కొన్ని క్యాసెట్టులనుండి, ఇప్పుడు ఫోనులనుండి నేర్చుకొన్న వరుసలు. అవి చెడ్డవని మేము అనము. మేమును కీబోర్డు ముందు నిలిచి వాటిని సంతోషముగా పాడుచున్నవారమే. అయితే పుస్తకములో ముఖారి అని ఉండి నోట వేరొకటి వచ్చునప్పుడు, అడుగవలసినవారు ఇంకను ఉన్నారా అని భయము కలుగును.

ఉన్నారు. నంద్యాల వైపు ఒక పల్లెలో, కడపబండలు పరచిన చిన్న గుడిలో, ఎనుబది దాటిన ఒక అవ్వను శుభశుక్రవారపు పాటను గూర్చి అడిగితిమి. పుస్తకము అక్కరలేదని చేయి ఊపి, కండ్లు మూసికొని, చరణములన్నియు పాడెను. పల్లవి మొదటి మాట మీద ఆమె గొంతు దిగిన తీరు మేము ఎన్నడును వినలేదు. హార్మోనియము వాయించు తమ్ముడు నాలుగు సార్లు ప్రయత్నించి, ఆ దిగుడు మెట్ల మధ్య ఎక్కడనో ఉన్నది అయ్యగారూ, ఈ పెట్టెకు అందదు అనెను. ఫోనులో రికార్డు చేసికొని, నలుబది దినములు గాయక బృందమునకు నేర్పించి, శుభశుక్రవారమున పాడించితిమి.

ఆ దినమున కలసపాడు వైపునుండి కూతురింటికి వచ్చిన మరియొక అవ్వ ఆ పాట జరుగుచున్నంతసేపు పెదవి కదపక కూర్చుండెను. ఆరాధన ముగిసి అందరు వెళ్లిన తరువాత మా యొద్దకు వచ్చి, పాట మంచిదే గాని వరుస అది కాదని చెప్పి, అక్కడనే మెట్టు మీద కూర్చుండి తన వరుసను పాడెను. తాళము కూడ వేరు. మొదటి అవ్వది ఏడ్పు, ఈమెది నడక. దానిని కూడ రికార్డు చేసితిమి. ఇప్పుడు రెండును మా యొద్ద ఉన్నవి. ప్రతి శనివారము సాయంత్రము 5 గంటలకు గుడిలో అభ్యాసము జరుగును. పాత వరుసలు ఎరిగిన అవ్వలను, తాతలను ఎవరైన తీసికొని రాగలిగినయెడల, బండి పంపించెదము.