ఒకే పార్టు.. మూడు పనులు! స్పోర్ట్స్ కారు వెనక షాకుల కథనే మార్చేసిన కోలిన్ చాప్‌మన్ ఎవరు?

పాత స్పోర్ట్స్ కారు కొన్నారా? వెనక షాక్ అబ్జార్బర్లు తీసేసి కొత్తవి వేయాలనుకుంటున్నారా? మామూలు కారైతే అది ఒక పూట పని. అదే 1960ల నాటి లోటస్ ఎలాన్ అయితే మాత్రం కాస్త ఆగాలి. ఎందుకంటే అందులో షాక్ అబ్జార్బర్ అనేది విడి పార్టు కాదు. దాని వెనుక ఓ ఇంజనీర్ జీవితకాలపు మొండి పట్టుదల ఉంది. ఆయనే కోలిన్ చాప్‌మన్.

25 పౌండ్ల అప్పుతో మొదలు

1928 మే 19న ఇంగ్లాండ్‌లోని రిచ్‌మండ్‌లో పుట్టారు చాప్‌మన్. లండన్ యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదివారు. చదువుకునే రోజుల్లోనే విమానం నడపడం నేర్చుకున్నారు. బరువు తగ్గాలి, బలం తగ్గకూడదు.. ఈ విమానాల సూత్రమే ఆయన బుర్రలో పాతుకుపోయింది. 1948లో ఓ పాత ఆస్టిన్ సెవెన్‌ని విప్పి తన మొదటి కారు తయారు చేశారు. 1952లో ప్రియురాలు హేజెల్ ఇచ్చిన 25 పౌండ్లతో లోటస్ కంపెనీ పెట్టారు. రెండేళ్లకి ఆమెనే పెళ్లి చేసుకున్నారు.

వెనక చక్రం దగ్గర అసలు మ్యాజిక్

అప్పటికే కార్ల ముందు చక్రాలకి మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంది. అదే ఆలోచనని చాప్‌మన్ 1957లో వెనక చక్రాలకి తెచ్చారు. పొడవాటి ఒక గొట్టం. లోపల షాక్ అబ్జార్బర్, చుట్టూ స్ప్రింగ్, కింద చక్రం హబ్. అంటే కుదుపుని ఆపేది, బరువు మోసేది, చక్రాన్ని నిటారుగా నిలబెట్టేది అన్నీ అదే! పార్టులు తగ్గాయి, బరువూ తగ్గింది. దీనికే చాప్‌మన్ స్ట్రట్ అని పేరొచ్చింది. 1962లో వచ్చిన ఎలాన్‌లోనూ ఇదే వాడారు. ఆ కారు బరువు 700 కేజీల లోపే.

అందుకే ఇప్పుడు ఎలాన్‌కి షాకులు మార్చాలంటే స్ట్రట్ మొత్తం కిందకి దింపాలి. స్ప్రింగ్‌ని కంప్రెసర్‌తో నొక్కిపెట్టకుండా పై నట్టు విప్పితే ప్రాణాల మీదకే వస్తుంది. మార్చేది లోపలి ఇన్సర్ట్‌నే. అదీ రెండు వైపులా ఒకేసారి మార్చాలి. పైనున్న రబ్బరు మౌంట్లు కూడా చూసుకోవాలి. ఇంకో మాట.. గట్టి షాకులు వేస్తే కారు బాగా పరిగెడుతుందనుకోవద్దు. చాప్‌మన్ లెక్కే వేరు. స్ప్రింగ్ మెత్తగా ఉండాలి, దాన్ని అదుపులో పెట్టే పని షాక్ చూసుకోవాలి. అడ్జస్టబుల్ షాకులు వేస్తే మెత్తటి సెట్టింగ్ నుంచే మొదలుపెట్టడం మంచిది.

గెలుపులు.. వాటి వెనక చావులు

రేసుల్లోనూ ఆయనది అదే పిచ్చి. లోటస్ 7 సార్లు ఫార్ములా వన్ కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ కొట్టింది. 1965లో జిమ్ క్లార్క్ లోటస్‌లోనే ఇండియానాపోలిస్ 500 గెలిచారు. కానీ అదే క్లార్క్ 1968లో హాకెన్‌హైమ్‌లో లోటస్ నడుపుతూనే చనిపోయారు. 1970లో మోంజాలో యోకెన్ రింట్ ప్రాణం పోయింది. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ టైటిల్ ఆయనకి చనిపోయాకే దక్కింది. తేలిక కోసం చాప్‌మన్ భద్రతని పణంగా పెట్టారన్న విమర్శ చివరిదాకా వదల్లేదు. డెలోరియన్ కారు ప్రాజెక్టు డబ్బు వ్యవహారం కూడా ఆయన పేరుకి మచ్చ తెచ్చింది.

చివరి రోజున కూడా..

1982 డిసెంబర్ 16న గుండెపోటుతో చాప్‌మన్ కన్నుమూశారు. వయసు 54 ఏళ్లే. విచిత్రం ఏంటంటే, సరిగ్గా అదే రోజు లోటస్ టీమ్ యాక్టివ్ సస్పెన్షన్ ఉన్న ఫార్ములా వన్ కారుని మొదటిసారి టెస్ట్ చేసింది. స్ప్రింగ్, షాకుల పనిని హైడ్రాలిక్స్, కంప్యూటర్ చేసే టెక్నాలజీ అది. 1987లో ఆ టెక్నాలజీతోనే అయిర్టన్ సెన్నా మొనాకోలో గెలిచారు. అది చూడటానికి చాప్‌మన్ లేరు. పాత ఎలాన్ వెనక చక్రాల దగ్గర మాత్రం ఆయన గీసిన ఆ ఒక్క గొట్టం ఇప్పటికీ మూడు పనులూ చేస్తూనే ఉంది.