బిడ్డ కదలికను కళ్లకు చూపిన డాక్టరు

1955 జులై 21న గ్లాస్గో నగరం నుంచి రెండు కార్లు పక్కనే ఉన్న రెన్‌ఫ్రూకు బయల్దేరాయి. వాటి డిక్కీల్లో ఉన్నవి ఆపరేషన్లలో తీసిన గర్భాశయ గడ్డలు, అండాశయపు నీటితిత్తులు. వెళుతున్నది ఏ ల్యాబ్‌కో కాదు, బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ ఫ్యాక్టరీకి. ఆ కార్ల వెనకున్న మనిషి ఇయాన్ డొనాల్డ్. గ్లాస్గో యూనివర్సిటీలో ప్రసూతి వైద్య విభాగానికి ప్రొఫెసర్. ఈ రోజు మన ఇళ్లలో ఐదో నెల రాగానే డాక్టరు రాసే టిఫా స్కాన్‌కు మూలం ఆ ప్రయాణంలోనే ఉంది.

ఇనుప రేకుల అతుకుల్లో పగుళ్లు ఉన్నాయేమో చూడటానికి ఆ ఫ్యాక్టరీలో ఒక యంత్రం వాడేవారు. మన చెవికి అందని శబ్దతరంగాన్ని లోహంలోకి పంపితే, పగులు ఉన్నచోట అది వెనక్కి తిరిగొస్తుంది. లోహంలో పగులును పట్టేది ఒంట్లో గడ్డను ఎందుకు పట్టదన్నది డొనాల్డ్ అనుమానం. ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ఒకామె భర్త ఆ కంపెనీలో పెద్ద హోదాలో ఉండటంతో తలుపులు తెరుచుకున్నాయి. పోల్చి చూడటానికి కంపెనీవాళ్లు పెద్ద మాంసం ముక్క కూడా సిద్ధంగా ఉంచారు. పరీక్షలో నీటితిత్తి ఒకలా, గట్టి గడ్డ మరోలా ప్రతిధ్వనించాయి. డొనాల్డ్‌కు కావాల్సింది అదే.

శబ్దం మీద ఆయనకు ఆ ఆసక్తి యుద్ధంలో మొదలైంది. 1910 డిసెంబరు 27న ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, డాక్టర్ల కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం దక్షిణాఫ్రికా వెళ్లింది. అక్కడే 1927లో, కొద్ది నెలల తేడాలో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. తర్వాత లండన్ వచ్చి సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1937లో డాక్టరయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో చేరి, బాంబులతో ఉండగానే తగలబడుతున్న విమానంలోంచి సిబ్బందిని బయటకు లాగినందుకు పతకం అందుకున్నారు. రాడార్, సోనార్ ఎలా పనిచేస్తాయో ఆయనకు తెలిసింది ఆ రోజుల్లోనే. యుద్ధం తర్వాత, పుట్టగానే ఊపిరి అందని పసికందులకు శ్వాస అందించే పరికరాలపై పనిచేశారు. యంత్రాల మీది ఈ పిచ్చి చూసి తోటివాళ్లు ఆయన్ని పిచ్చి డొనాల్డ్ అని ఆటపట్టించేవారట. 1954లో గ్లాస్గో వచ్చారు.

అప్పట్లో కడుపులో బిడ్డ ఎలా ఉందో తెలుసుకోవాలంటే డాక్టరు చెయ్యి, గరాటు లాంటి స్టెతస్కోపు, తప్పనిసరైతే ఎక్స్‌రే. ఇవే దారులు. అందులో ఎక్స్‌రే కడుపులోని బిడ్డకు మంచిది కాదనీ, అలాంటి పిల్లల్లో తర్వాత క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందనీ 1956లో ఆలిస్ స్టీవార్ట్ అనే డాక్టరు బయటపెట్టారు. మొదటి నెలల్లో చాలామంది ఆడవాళ్లకు తమ ఒంటి గుర్తులే ఆధారం. బిడ్డ మొదటిసారి కదిలిన రోజే నిజంగా తల్లినయ్యానన్న నమ్మకం కలిగే రోజు. ఆ రోజు ఆలస్యమైతే ఆ దిగులు ఎవరికి చెప్పుకోవాలి?

డొనాల్డ్ మొదటి ప్రయత్నాలు చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. ఒంటికీ యంత్రానికీ మధ్య గాలి ఉంటే శబ్దం లోపలికి పోదు కాబట్టి, పేషెంటు పొట్ట మీద నీళ్ల తొట్టి నిలబెట్టి చూసేవారు. నీళ్లు ఒలికిపోయేవి. ఇంతలో టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజినీరు మరేదో పనిమీద ఆసుపత్రికి వచ్చి, ఇక్కడో ప్రొఫెసర్ లోహాల యంత్రంతో మనుషుల్ని పరీక్షిస్తున్నాడని విని, ఫోన్ నంబరు వెతికి తానే ఫోన్ చేశాడు. నీళ్ల తొట్టి పోయి, చర్మానికి ఆలివ్ నూనె రాసి నేరుగా ఆనించే స్కానర్ వచ్చింది. ఇప్పుడు పొట్టకు రాసే చల్లటి జెల్లీ చేసే పని కూడా అదే.

ఈ పనిని అందరూ పట్టించుకునేలా చేసింది ఒక పేషెంటు. పొట్ట బాగా ఉబ్బి, కడుపు క్యాన్సర్ అని, ఆపరేషన్‌కు కూడా పనికిరాదని తేల్చిన ఆమెను డొనాల్డ్ యంత్రంతో పరీక్షించారు. కనిపించింది క్యాన్సర్ కాదు, అండాశయంలో పెద్ద నీటితిత్తి. దాన్ని తీసేశారు, ఆమె బతికింది. 1958 జూన్ 7న డొనాల్డ్, జాన్ మెక్‌వికార్, బ్రౌన్ కలిసి రాసిన వ్యాసం లాన్సెట్ పత్రికలో వచ్చింది.

మన ఆడవాళ్లకు బాగా తెలిసిన ఇంకో విషయమూ ఆయన చలవే. మొదటి నెలల స్కాన్‌కు కడుపు నిండా నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని రమ్మంటారు కదా! మూత్రాశయం నిండితే పేగులు పక్కకు జరిగి గర్భసంచి స్పష్టంగా కనబడుతుందని 1963లో ఆయనే గమనించారు. ఆయన బృందంలోని హ్యూ రాబిన్సన్ 1972 నాటికి ఏడో వారానికే బిడ్డ గుండె ఆడటం గుర్తించగలిగారు. ఆ తర్వాత కదిలే బొమ్మలు చూపే యంత్రాలు వచ్చాక అసలు విషయం తెలిసింది. తల్లికి తెలియడానికి ఎన్నో వారాల ముందే బిడ్డ కాళ్లూ చేతులూ ఆడిస్తోంది! తల్లికి తెలియకపోవడమూ బిడ్డ కదలకపోవడమూ ఒకటి కాదు.

నాలుగు, ఐదు నెలల్లో కంగారుపడే వాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే మాట. తొలి కాన్పువాళ్లకు కదలిక తెలియడానికి 20 వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. రెండోసారి తల్లయ్యేవాళ్లు 16 వారాలకే గుర్తుపడతారు. మాయ గర్భసంచి ముందు గోడకు ఉంటే మధ్యలో మెత్త పెట్టినట్టే, ఆలస్యంగా తెలుస్తుంది. స్కాన్ రిపోర్టులో ప్లాసెంటా యాంటీరియర్ అని ఉందేమో చూసుకోండి. మొదట్లో అది చేపపిల్ల జారినట్టో, గ్యాస్ కదిలినట్టో ఉంటుంది. ఒకరోజు తెలిసి మర్నాడు తెలియకపోవడం ఈ నెలల్లో మామూలే. పక్కింటి కోడలికి నాలుగో నెలలోనే కదిలిందట అని ఇంట్లోవాళ్లు పోల్చి చూడటం వల్ల దిగులు పెరగడం తప్ప ఉపయోగం లేదు. 24 వారాలు వచ్చినా ఒక్క కదలికా తెలియకపోతే మాత్రం డాక్టరుకు చెప్పాలి.

ఏడో నెలకల్లా ప్రతి బిడ్డకూ తనదైన కదలిక తీరు ఏర్పడుతుంది. అప్పట్నుంచి కొలమానం స్కాన్ కాదు, తల్లే. స్కాన్ ఆ కొద్ది నిమిషాల సంగతే చెబుతుంది. మొన్ననే రిపోర్టు బాగుందన్నారు కదా అని, నెలలు నిండితే బిడ్డ కదలడం తగ్గుతుందని ఎవరో చెప్పారు కదా అని ఊరుకోకూడదు. నెలలు నిండాక కదలిక తీరు కాస్త మారొచ్చు కానీ, తగ్గకూడదు. మామూలుకన్నా తగ్గినట్టు అనిపిస్తే రేపటిదాకా ఆగకుండా, అర్ధరాత్రయినా సరే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తీపి తాగి చూద్దామనో, ఆన్‌లైన్‌లో కొన్న డాప్లర్‌లో గుండె చప్పుడు వినబడింది కదా అనో కాలయాపన చేయొద్దు. అనుమానం వచ్చిన ప్రతిసారీ వెళితే విసుక్కుంటారేమోనన్న మొహమాటం అక్కర్లేదు.

డొనాల్డ్ గర్భస్రావాలను గట్టిగా వ్యతిరేకించారు. 1967లో బ్రిటన్‌లో వచ్చిన చట్టానికి ఎదురు నిలిచారు. దీన్ని ఒప్పుకోని ఆడవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆయన యంత్రం మన దేశంలో ఆడపిల్లల్ని కడుపులోనే లెక్కతీయడానికి వాడటం మొదలయ్యాక 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం తేవాల్సి వచ్చింది. ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా కనబడే బోర్డు అందుకే.

ఇంత పని చేసిన మనిషి తానే గుండె రోగి. గుండె కవాటం పాడై మూడుసార్లు పెద్ద ఆపరేషన్లు చేయించుకున్నారు. వాటి మధ్యలోనే, 1964లో గ్లాస్గోలో తెరిచిన క్వీన్ మదర్స్ ప్రసూతి ఆసుపత్రిని దగ్గరుండి తీర్చిదిద్దారు. 1976లో రిటైరయ్యారు. భార్య ఆలిక్స్, నలుగురు ఆడపిల్లలు. 1987 జూన్ 19న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో పేగుల్‌షామ్ అనే చిన్న ఊళ్లో, చర్చి పక్కన ఆయన సమాధి ఉంది.