వెలుగులో చీకటిని చూపిన థామస్ యంగ్

వెలుగునకు వెలుగు తోడైన వెలుగు హెచ్చవలెను గాని చీకటి కలుగునా? కలుగునని ప్రయోగపూర్వకముగా నిరూపించిన మహనీయుడు థామస్ యంగ్. భౌతికశాస్త్రమున మనము చదువుకొను జంట చీలికల ప్రయోగము ఆయన పేరనే ప్రసిద్ధము.

యంగ్ 1773 జూన్ 13న ఇంగ్లండులోని మిల్వర్టన్ గ్రామమున క్వేకర్ కుటుంబములో పదిమంది సంతానమునకు జ్యేష్ఠుడుగా జన్మించెను. బాల్యముననే లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలతోపాటు అరబ్బీ, పారశీకములను కూడ అభ్యసించెను. వృత్తిచే వైద్యుడు. వస్తువు దూరమును బట్టి కంటి కటకము తన ఆకృతిని మార్చుకొనునని 1793లో వివరించి, మరుసటి యేడు ఇరువదియొక్క ఏండ్ల వయస్సున రాయల్ సొసైటీ సభ్యుడాయెను.

ఆనాడు కాంతి సూక్ష్మకణముల ప్రవాహమను న్యూటన్ అభిప్రాయమునకు ఇంగ్లండులో తిరుగులేదు. శబ్దతరంగములను పరిశీలించిన యంగ్, కాంతియు తరంగమేయని 1801లో ప్రతిపాదించెను. 1803లో ఆయన కిటికీ తలుపు రంధ్రమునుండి వచ్చు సూర్యకిరణమునకు అడ్డముగా అంగుళములో ముప్పదవ వంతు వెడల్పుగల అట్టముక్కను నిలిపెను. దాని నీడలో చారలు కనబడెను. ఒక ప్రక్క కాంతిని ఆపగానే ఆ చారలు మాయమయ్యెను. రెండు ప్రక్కల కాంతి కలిసిననే అవి ఏర్పడునని తేలెను. 1807లో ప్రచురించిన ఉపన్యాసములలో రెండు చీలికల విధానమును వివరించెను. తరంగ శిఖరము శిఖరముతో కలిసినచోట వెలుగు, శిఖరము ద్రోణితో కలిసినచోట చీకటి. ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యము అంగుళములో సుమారు 36,000వ వంతనియు, ఊదా కాంతిది 60,000వ వంతనియు లెక్కించెను.

ఇంతటి కృషికి లభించినది పరిహాసము. ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో హెన్రీ బ్రూమ్ ఆయనను తీవ్రముగా నిందించెను. యంగ్ సమాధానముగా ప్రకటించిన చిన్న పుస్తకము ఒక్క ప్రతియే అమ్ముడుపోయెనట! న్యూటన్ యెడల గల భక్తియే సత్యమునకు అడ్డుగోడయైనది. ఫ్రాన్సు దేశీయుడగు ఫ్రెనెల్ గణితముతో తరంగ సిద్ధాంతమును బలపరచి 1819లో పారిస్ అకాడమీ బహుమతిని పొందిన పిదపనే అది నిలద్రొక్కుకొనెను. యంగ్ అసూయ చెందక ఫ్రెనెల్ ప్రతిభను మెచ్చుకొనెను.

ఈజిప్టు రోజెట్టా శిలపై లిపిని చదువుటకు తొలిదారులు తీసినవారిలోను ఆయన ఒకడు. ప్రాచీన ఈజిప్టు భాషా నిఘంటువును కూర్చుచునే 1829 మే 10న లండనులో కన్నుమూసెను.

కాంతికి కణస్వభావము కూడ కలదని 20వ శతాబ్దమున తేలినను, ఆ చారలు చెరిగిపోలేదు. పెద్దలను గౌరవించుచునే వారి మాటను పరీక్షించుట విద్యార్థి ధర్మమని ఈ జీవితము మనకు బోధించుచున్నదని మేము తలంచుచున్నాము.