దారం పట్టుకుని కూర్చుంటే ఏమొస్తుంది? – మదనపల్లెలో ఉండిన మార్గరెట్ కజిన్స్ గారి జీవితం



ఈ ఏడాది సంచికలో ఒక గొప్ప మహిళ గురించి రాయమని మన సమాఖ్య నన్ను అడిగింది. నేను పదో తరగతి వరకే చదివినాను. తప్పులుంటే క్షమించండి. ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తా ఉంటే మా క్రోషా గుంపులో జరిగిన సంగతే దారి చూపించింది.

మా సదుంలో పోయిన ఏడాది ఊలు, క్రోషా అల్లిక నేర్చుకునే గుంపు పెట్టుకున్నాము. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు కూర్చోవాలని తీర్మానం రాసుకున్నాము. మొదటి వారం నలుగురమే వచ్చినాము. మిగతావాళ్లను పిలవబోతే ఒక ఇంట్లో అత్తగారు, ఆవులకు గడ్డి కోసేది వదిలిపెట్టి దారం పట్టుకుని కూర్చుంటే ఏమొస్తుంది అని అడిగింది. ఆ పెద్దమ్మకు నేను సరైన జవాబు చెప్పలేకపోయినాను. తరువాత మా పాప చదువు పని మీద మదనపల్లెకు పోయినప్పుడు మార్గరెట్ కజిన్స్ గారి గురించి విన్నాను. తెలిసినవాళ్లను అడిగి, పుస్తకాలు తెప్పించుకుని చదివినాను. ఆ పెద్దమ్మకు ఇవ్వాల్సిన జవాబు ఆమె జీవితంలో ఉందని నాకు అనిపించింది.

మార్గరెట్ గారు 1878 నవంబరు 7న ఐర్లండు దేశంలో బాయిల్ అనే చిన్న ఊర్లో పుట్టినారు. చానా మంది బిడ్డలున్న ఇంట్లో పెద్ద కూతురు. ఐర్లండు అప్పుడు మన మాదిరే ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉండేది. ఆమె పుట్టేదానికి ముప్పై ఏళ్ల ముందు, 1845 నుంచి, ఆ దేశంలో ఉర్లగడ్డ పంటకు తెగులు తగిలి పెద్ద కరువు వచ్చింది. దాదాపు పది లక్షల మంది చనిపోయినారు. ఆ కరువులో చానా ఇండ్లకు గంజి పోసింది క్రోషా లేసే. క్రైస్తవ సన్యాసినులు, ఇంకొందరు ఆడవాళ్లు ఊర్లలో అల్లిక నేర్పించి, ఆ లేసును బయట దేశాలకు అమ్మించినారు. మనం ఈ రోజు పట్టుకునే కొక్కెం సూదికి అంత చరిత్ర ఉంది.

మార్గరెట్ గారి విద్య మాత్రం సంగీతం. 1902లో సంగీతంలో డిగ్రీ తీసుకున్నారు. 1903లో జేమ్స్ కజిన్స్ అనే కవిని పెండ్లి చేసుకున్నారు. ఆ కాలంలో అక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు లేదు. 1908లో స్నేహితురాలు హన్నా షీహీ స్కెఫింగ్టన్ తో కలిసి ఓటు కోసం ఒక మహిళా సంఘం పెట్టినారు. వీధుల్లో మీటింగులు పెడితే జనం ఎగతాళి చేసేవాళ్లు, వస్తువులు విసిరేవాళ్లు. 1910లో లండన్లో మంత్రుల ఇండ్ల కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు నెల రోజులు జైలు పడింది. 1913లో డబ్లిన్ లో ప్రభుత్వ భవనం అద్దాలు పగలగొట్టి మళ్లీ జైలుకు పోయినారు. అక్కడ నిరాహారదీక్ష కూడా చేసినారు. సంగీతం నేర్చుకున్న ఇల్లాలు రాయి పట్టుకునేదాకా వచ్చిందంటే ఎంత విసిగిపోయి ఉంటుందో మనకు అర్థమవుతుంది.

1915లో భార్యాభర్తలు అనీ బిసెంటు గారి పిలుపు మీద మద్రాసుకు వచ్చినారు. మరుసటి ఏడాది జేమ్స్ గారికి మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పని దొరికింది. అట్లా మార్గరెట్ గారు మన పక్క ఊరికి వచ్చి చేరినారు. అప్పటికి ఆమెకు దాదాపు ముప్పై ఎనిమిదేళ్లు. తెలుగు ఆమె పుట్టింటి భాష కాదు. బంధువులు ఎవరూ లేరు. అయినా కాలేజీలో పాఠాలు చెప్పేదానితో ఆమె ఊరుకోలేదు. ఊర్లో ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టే పని మొదలుపెట్టినారు. ఆ గుంపు పేరు అబలా అభివర్ధిని సమాజం. అబల అంటే బలం లేనిది అని కదా. ఆ పేరు చూస్తే నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. కానీ బలం లేదని ఒప్పుకుని, బలం తెచ్చుకునేదానికే వాళ్లు కూడినారు.

మన పొదుపు సంఘం మీటింగుకు మొదటిసారి పోయిన రోజు గుర్తు చేసుకోండి. గడప దాటేదానికి మనకే ఎంత భయం వేసింది! నూరేళ్ల ముందు మదనపల్లెలో ఇల్లు వదిలి సమాజానికి పోయిన ఆడవాళ్లకు ఇంకెంత ధైర్యం కావాల్సి వచ్చి ఉంటుందో! వాళ్లందరి పేర్లు పుస్తకాల్లో లేవు. నాకు మాత్రం మార్గరెట్ గారితో సమానంగా వాళ్లూ గొప్పవాళ్లే.

ఇట్లాంటి గుంపులు ఊరూరా ఉండి, అన్నీ ఒక దారానికి గుచ్చినట్టు ఉంటే బాగుంటుందని డొరతీ జినరాజదాస గారు, మార్గరెట్ గారు, ఇంకొందరు అనుకున్నారు. 1917 మే 8న మద్రాసు అడయారులో భారత మహిళా సంఘం పుట్టింది. అనీ బిసెంటు గారు అధ్యక్షురాలు. ఊర్లలో దీని శాఖలు పెట్టి చదువు, కుట్టుపని, ప్రథమ చికిత్స నేర్పించేవాళ్లు. స్త్రీ ధర్మ అనే పత్రిక కూడా నడిపినారు. మన గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య అయినట్టే ఇదీ అనుకోవచ్చు.

అదే ఏడాది డిసెంబరులో ఇండియా వ్యవహారాలు చూసే ఇంగ్లండు మంత్రి మాంటేగు మద్రాసుకు వచ్చినాడు. మార్గరెట్ గారు అర్జీ తయారుచేసి, సరోజినీ నాయుడు గారి నాయకత్వంలో ఆడవాళ్లను ఆయన దగ్గరికి పంపే ఏర్పాటు చేసినారు. తామూ పోయినారు. మగవాళ్లతో సమానంగా మాకూ ఓటు కావాలని అడిగినారు. వెంటనే ఏమీ రాలేదు. 1921లో మద్రాసు శాసన మండలి ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. ఇంగ్లీషువాళ్ల నేరు పాలనలో ఉండిన రాష్ట్రాల్లో అన్నిటికన్నా ముందు ఇచ్చింది అదే. మన ప్రాంతం అప్పుడు మద్రాసు కిందే ఉండేది.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. ఆ ఓటు ఆస్తి ఉన్నవాళ్లకే. భూమి శిస్తు, పన్ను కట్టే ఇండ్లకే. కూలికి పోయే మన అవ్వలకు అప్పుడు ఓటు రాలేదు. స్వాతంత్ర్యం వచ్చి, రాజ్యాంగం వచ్చినాకే అందరికీ వచ్చింది. అందుకే గుంపు పెట్టేటప్పుడు ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బయట నిలబడిపోయినారు అని మనం చూసుకోవాలి.

మదనపల్లెకు ఇంకొక గొప్ప పేరు కూడా ఆమె వల్ల వచ్చింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు గారు కాలేజీకి వచ్చి కొన్ని రోజులు ఉన్నారు. ఒక సాయంత్రం జనగణమన పాడి వినిపించినారు. మార్గరెట్ గారు ఆ పాటకు స్వరాలు రాసిపెట్టినారు. ఠాగూరు గారు అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చినారు. 1950 జనవరి 24న అదే మన జాతీయగీతం అయింది. మన మీటింగుల్లో ఆ పాట పాడుకునేటప్పుడు మదనపల్లెను ఒకసారి తలుచుకోండి.

ఆ తరువాత ఆమె మద్రాసులో ఉన్నారు. 1922లో సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటు అయినారు. మన దేశంలో మొదటి మహిళా మేజిస్ట్రేటు ఆమే. ఒకప్పుడు కోర్టు ఆమెను జైలుకు పంపింది, ఇప్పుడు ఆమే కోర్టులో తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నారు. 1926లో కమలాదేవి చటోపాధ్యాయ గారిని ఎన్నికల్లో నిలబడమని పట్టుబట్టి, వెంట తిరిగి ప్రచారం చేసినారు. కమలాదేవి గారు కొద్ది ఓట్లతో ఓడిపోయినారు. 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదటిసారి కూడింది. దాని వెనుక ఉన్నది మార్గరెట్ గారే. అందులో పని నేర్చుకున్న కమలాదేవి గారు స్వాతంత్ర్యం తరువాత అఖిల భారత హస్తకళల బోర్డుకు అధ్యక్షురాలై, చేతి పనివాళ్లకు పెద్ద దిక్కు అయినారు. మన అల్లికకు ఈ రోజు మేళాల్లో ఒక స్టాలు దొరుకుతుందంటే ఆమె వేసిన దారి కూడా దానికి ఒక కారణం.

1932 చివరిలో మద్రాసులో ప్రభుత్వ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు మార్గరెట్ గారికి ఏడాది శిక్ష వేసి వేలూరు ఆడవాళ్ల జైల్లో పెట్టినారు. అప్పటికి ఆమెకు యాభై నాలుగేళ్లు. లండన్లో ఒకసారి, సొంత దేశంలో ఒకసారి, మన కోసం మూడోసారి జైలు చూసినారు. బయటికి వచ్చినాక జేమ్స్ గారు మళ్లీ మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాలు అయినారు. 1943లో ఆమెకు పక్షవాతం వచ్చింది. పదేళ్లకు పైగా మంచం మీదే ఉన్నారు. 1954 మార్చి 11న అడయారులో చనిపోయినారు. స్వతంత్ర దేశంలో ఆడవాళ్లందరూ మొదటి ఎన్నికల్లో ఓటు వేసింది మాత్రం ఆమె బతికుండగానే జరిగింది.

ఇంక పెద్దమ్మ అడిగిన మాటకు వస్తాను. దారంతో ఏమొస్తుంది? ఉత్త దారంతో ఎక్కువేమీ రాదు. మన రాష్ట్రంలోనే నర్సాపురం చుట్టుపక్కల ఊర్లలో నూరేళ్లకు పైగా ఆడవాళ్లు క్రోషా లేసు అల్లుతున్నారు. ఆ లేసు విదేశాలకు పోయింది. కానీ ఎవరింట్లో వాళ్లు విడివిడిగా కూర్చుని అల్లినారు. దారం తెచ్చిచ్చేది, లేసు తీసుకుపోయేది మధ్యవర్తులు. ఎంతకు అమ్ముతున్నారో అల్లే చేతికి తెలియదు. లాభం వ్యాపారులకు పోయింది, కంటిచూపు పోయింది ఆడవాళ్లకు.

మాకూ అదే అనుభవం వచ్చింది. మొదట్లో ఒక వ్యాపారి మా ఇండ్లకు విడివిడిగా వచ్చి తోరణాలు, టేబుల్ గుడ్డలు తీసుకుపోయేవాడు. ఒకామెకు ఒక రేటు, ఇంకొకామెకు ఒక రేటు. ఒక శుక్రవారం అందరమూ కూర్చుని అల్లుకుంటా మాట్లాడుకుంటే ఆ సంగతి బయటపడింది. నాకు తక్కువ ఇచ్చినాడని తెలిసి బాధపడినాను, ఇన్ని రోజులు అడగనందుకు సిగ్గుపడినాను. మరుసటి వారం రేటు కాగితం మీద రాసి, అందరమూ సంతకం పెట్టి ఇచ్చినాము. ఆయన రెండు వారాలు రాలేదు. ఆ రెండు వారాలు ఇంట్లో మాటలు పడినాము. మూడో వారం వచ్చి ఒప్పుకున్నాడు. పెరిగింది కొంచెమే. అయినా అందరికీ ఒకటే రేటు.

మార్గరెట్ గారి జీవితం నుంచి నేను తీసుకున్నది ఇదే. ఒక రోజు, ఒక చోటు, ఒక వేళ పెట్టుకుని ఆడవాళ్లు మానకుండా కూర్చుంటే మాట బయటికి వస్తుంది. మదనపల్లెలో అట్లా కూర్చున్న మాట ఓటు దాకా పోయింది. మాది ఇంకా రేటు దాకానే వచ్చింది.

ఇప్పుడు మా గుంపులో పదకొండు మంది ఉన్నాము. ఆ పెద్దమ్మ కోడలు కూడా వస్తా ఉంది. పెద్దమ్మే శుక్రవారం గడ్డి కోస్తుంది. సూదులు, ఊలు మా దగ్గర ఉన్నాయి. రాని అక్కలు, చెల్లెళ్లు రండి. చేతులు ఖాళీగా వచ్చినా పరవాలేదు.