పక్షుల పోలికలు విప్పిచెప్పిన డాక్టర్ సలీం అలీ

వర్షర్తువులో మంజీరా తీరాన ఈతచెట్లకు, తుమ్మకొమ్మలకు వ్రేలాడే గిజిగాని గూళ్ళను చూడని విద్యార్థి మన సంగారెడ్డి ప్రాంతంలో ఉండడు. పసుపు తలగల ఆ పిట్టలన్నిటికీ మనం పెట్టుకున్న పేరు ఒక్కటే. కాని మన దేశపు నీటిపట్టులలో ఆ పోలికగలవి ముఖ్యంగా మూడు రకాలున్నాయి. పసుపు రొమ్ముతో, పొడవైన గొట్టం వంటి ద్వారంగల గూటిని కొమ్మకు వ్రేలాడదీసేది అసలు గిజిగాడు. రొమ్ముపై నల్లని చారలుండి, నీటిలోని తుంగలో గూడు కట్టేది వేరొకటి. రొమ్ముకు అడ్డంగా నల్లని పట్టీ గలది మూడవది. ఋతువు మారి మగపిట్టల పసుపు వన్నె తొలగిపోగానే మూడూ ఆడపిచ్చుకల వలెనే కనిపించి, చూపరిని తికమకపెడతాయి. ఇటువంటి భేదాలను పండితులకే కాక పామరులకు సైతం తెలియజెప్పిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో, ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో, కడసారి సంతానంగా జన్మించారు. ఏడాది వయస్సులో తండ్రిని, మూడేళ్ళకు తల్లిని పోగొట్టుకున్న ఆ బాలుని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పెంచి పెద్దచేశారు. ఒకనాడు గాలితుపాకితో కొట్టిన పిట్ట ఆడపిచ్చుక వలెనే ఉన్నా, కంఠం మీద పసుపు మచ్చ కనిపించింది. అది తినదగినదా, కాదా అన్న సందేహంతో బాలుడు మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియక, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు కార్యదర్శి మిల్లార్డ్ దొర వద్దకు పంపారు. దొర ఆ పక్షి పేరు చెప్పి, సొరుగులు తెరచి, వరుసగా పేర్చిన పక్షుల చర్మపు నమూనాలను చూపించాడు. ఒక మచ్చలో ఉన్న తేడా ఒక జీవితానికి దారి చూపిందంటే అతిశయోక్తి కాదు.

చదువులో మాత్రం ఆయన రాణించలేదు. కళాశాల చదువు మధ్యలో వదలి బర్మా వెళ్ళి, కుటుంబ వ్యాపారమైన గనుల పనిలో, కలప పనిలో కొన్నేళ్ళు గడిపి, 1917లో తిరిగివచ్చారు. సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివినా, పట్టం పుచ్చుకోలేదు. ఆ కారణంగానే భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో ఉద్యోగం దక్కలేదు. పట్టాలు పంచిపెట్టే మనవంటివారికి ఇది కొంచెం ఇబ్బందికరమైన విషయమే! 1926లో బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు వివరించే ఉపన్యాసకుడుగా చేరి, రెండేళ్ళకు సెలవు పెట్టి, బెర్లిన్ వెళ్ళి ఆచార్య స్ట్రేసెమాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగివచ్చేసరికి ఆ ఉద్యోగమే రద్దయిపోయి ఉంది.

జీతంలేని ఆ రోజులలోనే, సముద్రతీరపు కిహిం గ్రామంలో భార్య తహ్మీనాతో నివసిస్తూ, గిజిగాళ్ళను నెలల తరబడి కనిపెట్టి చూశారు. మగపక్షి గూటిని సగం అల్లి ఆపుతుందనీ, ఆడపక్షి వచ్చి పరీక్షించి, మెచ్చితేనే కాపురం పెడుతుందనీ, ఆ తరువాత మగది మరొక గూటికి, మరొక జోడుకు సిద్ధపడుతుందనీ లోకానికి తెలిపినది ఆ పరిశీలనే.

పెద్దల వ్రాతనైనా కంటితో సరిచూడనిదే అంగీకరించని స్వభావం ఆయనది. తోక చివర రెండు పొడవాటి ఈకలుగల, పసులపోలిగాని జాతి అడవిపక్షి విషయంలో, ఆ ఈకకు లోపలి ప్రక్క పోగులు ఉండవని విస్లర్ అనే ప్రసిద్ధ ఆంగ్లేయుడు వ్రాశాడు. ఈకకాడ మెలితిరిగి ఉండుటచేత అట్లా భ్రమ కలుగుతున్నదని సలీం అలీ చూపారు. పేరెరుగని భారతీయుడు తప్పు పట్టాడని విస్లర్ మొదట కినిసినా, తన నమూనాలను మళ్ళీ పరీక్షించుకొని పొరపాటు ఒప్పుకొని, ఆప్తమిత్రుడయ్యాడు.

మనకు మరింత దగ్గరి విషయం 1931–32 నాటి హైదరాబాద్ సంస్థాన పక్షి సర్వేక్షణ. తనకు జీతం అక్కరలేదనీ, ఖర్చులు భరిస్తే చాలుననీ చెప్పి సలీం అలీ ఆ పనికి పూనుకున్నారు. ఉట్నూరు అడవులు, అమ్రాబాద్ పీఠభూమి తిరిగి సేకరించిన నమూనాల ఫలితాలు విస్లర్ వ్యాఖ్యలతో బొంబాయి సంఘపు పత్రికలో వెలువడ్డాయి. ఆ శిబిరాల కష్టాలు ఆనందంగా పంచుకున్న తహ్మీనా 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత మరణించడం ఆయనకు తీరని దెబ్బ.

1941లో వెలువడిన ఆయన భారతీయ పక్షుల గ్రంథంలో ప్రతి పక్షి పరిమాణాన్నీ పిచ్చుకతోనో, గోరువంకతోనో, కాకితోనో పోల్చి చెప్పారు. ఎంత తేలిక ఉపాయం! ఉదాహరణకు మనం చిలుకలని ఒకే గుంపుగా చూసేవాటిలో, గోరువంకంత శరీరమున్నది మామూలు రామచిలుక. పావురమంత ఉండి భుజాన ఎర్రని మచ్చ గలది పెద్ద చిలుక. మగదాని తల నేరేడురంగులో ఉండేది ఇంకొకటి. రిప్లీతో కలిసి రచించిన పది సంపుటాల మహాగ్రంథం 1974 నాటికి పూర్తయింది. అయినా, ఒకే జాతిని ఉపజాతులుగా చీల్చి పేర్లకై పండితులు చేసే వాదాలంటే ఆయనకు విసుగు. చచ్చిన పిట్ట ఈకల కన్న, బ్రతికిన పిట్ట నడతే ఆయనకు ప్రీతి.

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం 1958లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1978లోను ఆ పట్టంలేని పండితునికి గౌరవ డాక్టరేట్లు సమర్పించాయి. పద్మవిభూషణ్ 1976లో లభించింది. ఎనిమిది దశాబ్దాలకు పైగా ఎవరికీ కనిపించని కలివికోడిని కడప జిల్లా ముళ్ళపొదలలో ఆయన సంఘంవారు 1986లో తిరిగి కనుగొన్నప్పుడు ఆయన సజీవులే. 1987లో, తొంభై ఏళ్ళ వయస్సులో పరమపదించారు.

ఈశాన్య భారతపు హిమాలయ అడవులలో, రూపంలో ఒకటిగానే కనిపిస్తూ పాటలో మాత్రం వేరైన రెండు పక్షులను శాస్త్రజ్ఞులు 2016లో విడదీసి, క్రొత్తగా తేలిన జాతికి సలీం అలీ పేరు పెట్టారు.